ఒక ఆయా, పదిమంది పసిబిడ్డలు

పగటిపూట తల్లిదండ్రులు పనికి వెళ్ళినప్పుడు పసిపిల్లలను మరొకరి సంరక్షణలో ఉంచే ఏర్పాటు కేంద్రంలో నడిచినా, ఎవరి ఇంటి ముందుగదిలో నడిచినా, దాని మంచిచెడ్డలను తేల్చడానికి తనిఖీ అధికారులు మొదట అడిగే ప్రశ్న గోడల రంగు గురించో, ఆటబొమ్మల గురించో కాదు. ఎంతమంది బిడ్డలకు ఎంతమంది మనుషులు ఉన్నారన్నదే. ఈ లెక్కను శిశు సంరక్షణ శాస్త్రంలో పిల్లలకూ సంరక్షకులకూ మధ్య నిష్పత్తి అంటారు. ఒక పెద్ద మనిషి ఒకే సమయంలో గరిష్ఠంగా ఎంతమంది పిల్లల బాధ్యత వహించవచ్చునో చెప్పే హద్దు ఇది. దీనికి తోడుగా బృంద పరిమాణం అనే మరో హద్దు ఉంటుంది. ఎంతమంది ఆయాలున్నా ఒకే గదిలో ఇంతకు మించి పిల్లలను కూర్చరాదని అది చెబుతుంది. ఎందుకంటే నలభైమంది పిల్లలను నలుగురు ఆయాలు ఒకే హాలులో చూడడమూ, పదేసిమంది చొప్పున నాలుగు గదుల్లో చూడడమూ కాగితం మీద ఒకే నిష్పత్తి అయినా, ఆ హాలులోని రొదలో ఏ బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. మూడో విషయం కాలానికి సంబంధించినది. నిష్పత్తి హాజరుపట్టీలో కాక, తలుపు తెరిచిన నిమిషం నుంచి మూసే నిమిషం దాకా ప్రతి గంటలోనూ నిలవాలి.

ఈ హద్దు ఎందుకు అవసరమో తెలియడానికి పెద్ద పరిశోధనలు అక్కరలేదు, కూడికలు గుణకారాలు చాలు. ఏడాది నిండని బిడ్డకు ఎనిమిది గంటల పగటిలో కనీసం మూడుసార్లు పాలో, ఉగ్గో, మెత్తగా మెదిపిన పప్పన్నమో పెట్టాలి. పెట్టడమంటే నోట్లో చెంచా పెట్టడంతో అయిపోదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఉమ్మినది తుడిచి, మళ్ళీ పెట్టి, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమిరి పడుకోబెట్టేసరికి ఇరవై నిమిషాలు సులువుగా పడుతుంది. అంటే ఒక్కో బిడ్డకు రోజుకు గంట. ఏడాదిలోపు పిల్లలు పదిమంది ఉంటే, తినిపించడానికే పది గంటలు కావాలి. ఉన్న పగలేమో ఎనిమిది గంటలే. గుడ్డలు మార్చడం, కడగడం, ఉయ్యాల ఊపడం, పాకుతూ గడప దాటబోయే బిడ్డను పట్టుకోవడం ఇంకా ఈ లెక్కలోకి రానే లేదు. అదే నలుగురు బిడ్డలైతే తినిపించడానికి నాలుగు గంటలు పోయి, తక్కిన పనులకూ, బిడ్డ ముఖంలోకి చూస్తూ రెండు మాటలు ఆడడానికీ మరో నాలుగు గంటలు మిగులుతాయి. మాటలు పెద్దలు ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే వస్తాయి కాబట్టి, ఆ మిగిలిన సమయం విలాసం కాదు, బిడ్డ పెరుగుదలలో భాగమే. మూడేళ్ళు దాటిన పిల్లల సంగతి వేరు. వాళ్ళు చేత్తో తింటారు, బాత్రూముకు వెళ్ళాలని చెప్పగలరు, పదిహేనుమంది కూర్చుని ఒక కథ వినగలరు. అమెరికాలో 1979లో వెలువడిన జాతీయ డే కేర్ అధ్యయనం కూడా ఇదే తేల్చింది: మూడేళ్ళు దాటిన పిల్లల విషయంలో బృందం ఎంత పెద్దదన్నది నిష్పత్తి కంటే ఎక్కువ ప్రభావం చూపుతుందనీ, పసిబిడ్డల విషయంలో నిష్పత్తి చాలా ముఖ్యమనీ ఆ అధ్యయనం చెప్పింది.

నిష్పత్తికి ప్రమాద సమయంలో మరో అర్థం కూడా ఉంది. మంటలు రేగినప్పుడు నడవలేని బిడ్డలను ఒక మనిషి చంకకొకరు చొప్పున ఇద్దరిని ఎత్తుకుని పరుగెత్తగలదు. మూడో బిడ్డ కోసం మళ్ళీ లోపలికి రావాలి. అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రాసినవారు చిన్న ఇంటి డే కేర్లలో తమంతట తాము బయటపడలేని పిల్లలు ఇద్దరికి మించరాదని పెట్టిన హద్దు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జులై 16న పాఠశాలలో మంటలు రేగి 94 మంది పిల్లలు చనిపోయిన తరువాత, 2009లో సుప్రీంకోర్టు దేశంలోని పాఠశాలలన్నిటికీ అగ్ని భద్రతా నిబంధనలు తప్పనిసరి చేసింది. ఆ ఆదేశాలు బడులను ఉద్దేశించినవి. వీధిలో రెండో అంతస్తు అద్దె ఇంట్లో గ్యాసు పొయ్యి పక్కగదిలో ఎనిమిదిమంది పసివాళ్ళు నిద్రపోతున్న చోటిని బడి అని ఎవరూ అనుకోరు.

ఇక మన దేశపు చట్టాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. అవి చాలా కాలంపాటు పిల్లలను కాక, తల్లులను లెక్కపెట్టాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను, సాధారణంగా 30 మందికి మించి స్త్రీలు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ళలోపు పిల్లలకు గది, అంటే క్రెష్, ఉండాలన్నది. మొదట ఈ అంకె 50 కాగా, 1976 సవరణతో 30కి దిగింది. గదికి గాలీ వెలుతురూ ఉండాలని, శిక్షణ పొందిన స్త్రీ దాని బాధ్యత వహించాలని చట్టం చెప్పింది గాని, ఆ ఒక్క స్త్రీ ఎంతమంది బిడ్డలకన్నది ఆ సెక్షనులో లేదు. 1951 తోటల కార్మికుల చట్టం తొలి రూపమూ, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టమూ ఇదే దారిన నడిచాయి. స్త్రీల సంఖ్యను బట్టి క్రెష్ పెట్టమనే నియమానికి చేటు చేసే గుణం ఒకటుంది. ముప్ఫై ఒకటో స్త్రీని పనిలోకి తీసుకుంటే గది కట్టాలి గనుక, ముప్ఫైతోనే ఆగిపోవడం యజమానికి లాభం. ఈ లోపాన్ని 2017లో ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ సరిదిద్దింది. వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిన ఆ సవరణే, స్త్రీపురుషులు కలిపి 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చుననీ నిర్దేశించింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలోనూ ఇదే సూత్రం కొనసాగింది.

పిల్లలనే లెక్కపెట్టిన అరుదైన చట్టం మరొకటి ఉంది. రాయలసీమకు దానితో దగ్గరి సంబంధం. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాలలో అప్పటి చిత్తూరు జిల్లా కూడా ఒకటి. ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి తల్లుల వెంట పనిచోటికి వస్తే, ఆ కూలి స్త్రీలలోనే ఒకరిని పిల్లలను చూసుకోవడానికి నియమించి, ఆమెకు తక్కిన వారితో సమానంగా కూలి ఇవ్వాలని ఆ చట్టం రెండో షెడ్యూలు చెప్పింది. పిల్లలను చూసుకోవడం కూడా కూలి కట్టవలసిన పనేనని ఇంత నేరుగా ఒప్పుకున్న చట్టాలు తక్కువ. అయితే ఆ అయిదు అనే అంకె కింది హద్దు మాత్రమే. చెట్టు నీడన కూర్చోబెట్టిన పిల్లలు అయిదుగురైనా, పదిహేనుమందైనా చూసేది ఒక్కరే కావచ్చు. పైగా నలుగురు పిల్లలుంటే ఎవరినీ నియమించనక్కరలేదు. చెరువు పూడిక తీసే చోట నలుగురు పిల్లలకు ప్రమాదం తక్కువేమీ కాదు.

పిల్లల వయసును బట్టి నిష్పత్తిని చెప్పడం మన దేశంలో స్పష్టంగా 2013 నాటి జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానంతో వచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవైమందికి ఒకరు అన్నది ఆ విధానపు కొలత. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2018లో క్రెష్‌ల కోసం ఇచ్చిన కనీస మార్గదర్శకాలు కూడా ఇవే అంకెలను తీసుకుని, శిక్షణ పొందిన కార్యకర్తతో పాటు ఒక సహాయకురాలు కూడా ఉండాలనీ, బిడ్డకు పది పన్నెండు చదరపు అడుగుల చోటు కావాలనీ, క్రెష్ పనిచోటికి 500 మీటర్లలోపు ఉండాలనీ కలిపాయి. సహాయకురాలిని కూడా లెక్కలోకి తీసుకుంటే పదిమందికి ఇద్దరవుతారు గనుక, తినిపించే పనికి కావలసిన పది గంటలూ చెరో అయిదు గంటలుగా పంచుకోవచ్చు. కానీ నేల తుడవడం, పాలు కాచడం, గుడ్డలు ఉతికి ఆరేయడం కూడా ఆ సహాయకురాలి పనే అయినప్పుడు ఆమె చేతులు ఎన్ని గంటలు బిడ్డల మీద ఉంటాయన్నది ఏ మార్గదర్శకమూ కొలవదు. మరో లోపం, ఆరు నెలల బిడ్డనూ రెండున్నరేళ్ళ బిడ్డనూ ఒకే గాటన కట్టడం. ఈ రెండు వయసుల మధ్య ఉన్న తేడా రెండున్నరేళ్ళకూ ఆరేళ్ళకూ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం డే కేర్ కేంద్రాలలోని పసిబిడ్డలకు నలుగురికి ఒకరు చొప్పున ఉండాలంటుంటే, ఇక్కడి పదిమంది అనే అంకె శాస్త్రం చెప్పినది కాదు, ఖజానా చెప్పినది అనుకోక తప్పదు.

ప్రభుత్వ పథకాల కింద నడిచే క్రెష్‌ల సంగతి మరో రకం. 1975లో స్వచ్ఛంద సంస్థలకు సహాయంగా మొదలై, 2006లో రాజీవ్ గాంధీ పేరుతో, ఆ తరువాత జాతీయ క్రెష్ పథకంగా, 2022 నుంచి మిషన్ శక్తిలో భాగమైన పాల్నా పథకంగా సాగుతున్న ఈ ఏర్పాటులో, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లలు 25 మందికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు అన్నది వాడుక. జాతీయ క్రెష్ పథకం నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచమన్నది. ఈ ఏడున్నర గంటల సంగతి ఆలోచించవలసినది. తల్లి ఎనిమిది గంటల పని చేసి, వెళ్ళిరావడానికి బస్సులో మరో గంటో రెండు గంటలో గడుపుతుంది. క్రెష్ మూసిన తరువాత తల్లి వచ్చేదాకా ఆ బిడ్డకు నిష్పత్తి ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఆ పథకంలో ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లల సంరక్షణకు అసలైన పునాది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు రాష్ట్రంలో యాభై అయిదు వేలకు పైగా కేంద్రాలుగా విస్తరించింది. అయితే ఈ కేంద్రాలను మంజూరు చేసేది పిల్లల సంఖ్యను బట్టి కాదు, ఊరి జనాభాను బట్టి. నాలుగు వందల నుంచి ఎనిమిది వందల మందికి ఒక కేంద్రం, అంతకంటే చిన్న పల్లెకు మినీ కేంద్రం. మామూలు కేంద్రంలో కార్యకర్త, ఆయా ఇద్దరుంటారు. మినీ కేంద్రంలో కార్యకర్త ఒక్కరే బడి చెప్పాలి, వండాలి, వడ్డించాలి, బరువు తూచాలి. ఈ మినీ కేంద్రాలలో చాలావాటిని పూర్తి స్థాయికి పెంచాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించడానికి వెనుక ఉన్న కష్టం ఇదే. ఇద్దరున్న కేంద్రంలోనూ పొద్దున పదిన్నర వేళ ఆయా వంటగదిలోకి వెళ్ళిందంటే, పొయ్యి మీద అన్నం ఉడికి, పప్పు కాగి, గుడ్లు ఉడికి, ఒలిచి పళ్ళేలలో పెట్టేదాకా ఆమె పిల్లలను చూసే మనిషి కాదు. ఆ గంటన్నరసేపు కార్యకర్త ఒక్కతే. అదే సమయంలో గర్భిణి ఒకామె పోషకాహారం కోసం గుమ్మంలో నిలబడితే, కార్యకర్త ఫోను తీసి 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి. సిగ్నలు సరిగా అందని పలమనేరు అడవి అంచు పల్లెల్లో అది ఎంతసేపు పడుతుందో చెప్పలేం. గదిలోని పిల్లలు ఆ సేపు ఒకరినొకరు చూసుకుంటారు. నమోదు పుస్తకంలో నిష్పత్తి మాత్రం ఎక్కడా చెదరదు.

2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మె చేసినప్పుడు వాళ్ళ గౌరవ వేతనం కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. సమ్మెను ఆపడానికి ప్రభుత్వం అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించింది. ఒక పనిని అత్యవసర సేవ అని ప్రకటిస్తూనే, దానికిచ్చే డబ్బును జీతం అనకుండా గౌరవ వేతనం అనడంలోని పొత్తు కుదరనితనాన్ని ఆ రోజుల్లో చాలామంది ఎత్తి చూపారు. నిష్పత్తి గురించి మాట్లాడేటప్పుడు ఈ వేతనాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. కార్యకర్తలు ఏడాదికొకరు మారిపోయే చోట పదిమందికి ఒకరున్నా, బిడ్డకు ఆ ఒకరూ కొత్త ముఖమే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ ప్రశ్న ఎందుకు ముదురుతున్నదో స్థానిక జీవనం చూస్తే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి చేరిన సత్యవేడు, వరదయ్యపాలెం ప్రాంతపు శ్రీసిటీలో ఎలక్ట్రానిక్ వస్తువులు కూర్చే ఫ్యాక్టరీలు యువతులను పెద్దయెత్తున పనిలోకి తీసుకున్నాయి. నేడు హాస్టల్లో ఉండి షిఫ్టుకు వెళ్ళే అమ్మాయి రేపు పెళ్ళయి, బిడ్డ పుట్టాక అదే షిఫ్టుకు వెళ్ళగలదా అన్నది క్రెష్ తెరిచే వేళలను బట్టి ఉంటుంది. తెల్లవారుజామున ఆరింటికి మొదలయ్యే షిఫ్టుకు తొమ్మిదింటికి తెరిచే క్రెష్ పనికిరాదు. తిరుపతి పట్టణంలో స్విమ్స్, రుయా వంటి పెద్ద ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, దేవస్థానం ఉద్యోగినులు, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలుకొని 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ దాకా విద్యాసంస్థల్లో పనిచేసేవారు మరో వర్గం. వీరిలో చాలామంది ఊరు వదిలి వచ్చినవారు గనుక, ఇంట్లో అవ్వ ఉండదు.

చిత్తూరు వైపు కథ వేరు. బంగారుపాళెం, దామలచెరువు మార్కెట్లకు తోతాపురి కాయ దిగే మే నుంచి జులై దాకా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబగళ్ళు నడుస్తాయి. కాయ కడగడానికి, ఏరడానికి, కోయడానికి చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను మేస్త్రీలు ఆటోలలో తీసుకొస్తారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు కూడా ఫ్యాక్టరీ కార్మికులేనని చట్టం చెప్పినా, ఏడాదిలో మూడు నెలలే ఉండే ఈ పనిని ‘సాధారణంగా పనిచేసే’ అన్న చట్టపు మాటలోకి ఎలా చేర్చాలన్నదీ, ఎవరి పేరు ఎవరి రిజిస్టరులో ఉందన్నదీ తేలేసరికి కాయ కాలం అయిపోతుంది. ఈ మూడు నెలలూ చంటిబిడ్డలను చూసేది ఇంట్లో మిగిలిన అవ్వ. ఆమె కూడా కూలికి పోతే, ఎనిమిదేళ్ళ అక్క. వేసవి సెలవుల్లో ఇది ఎవరి కంటా పడదు. జూన్‌లో బళ్ళు తెరిచాక ఆ అక్క పేరు ఎదురుగా హాజరుపట్టీలో ఖాళీ గడి కనిపిస్తుంది. ప్రాథమిక బడిలో ముప్ఫైమందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం గట్టిగా చెప్పింది గాని, ఆ చట్టపు బలం ఆరేళ్ళ వయసు దగ్గర మొదలవుతుంది. ఆరేళ్ళలోపు వారి గురించి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే అన్నది. చెల్లెలికి లేని నిష్పత్తి అక్క చదువును తినేస్తుంది.

ఈ ఖాళీలోనే పట్టణాల్లో ఇంటి డే కేర్లు పుట్టాయి. తిరుపతిలో ఎం.ఆర్. పల్లి, కొర్లగుంట, భవానీ నగర్ వంటి ఉద్యోగుల పేటల్లో ఎవరైనా ఒకామె తన బిడ్డతో పాటు ఎదురింటి బిడ్డను చూసుకోవడం మొదలుపెడుతుంది. నెల తిరిగేసరికి ఆ ఎదురింటివారి సహోద్యోగి బిడ్డ చేరుతుంది. గేటుకు బోర్డు కూడా లేకుండానే ఆ ఇల్లు డే కేర్ అవుతుంది. ఇందులో తప్పేమీ లేదు. పొరుగింటి నమ్మకం మీద నడిచే ఈ ఏర్పాటులో, పెద్ద కేంద్రం ఇవ్వలేని ఇంటి భోజనమూ, తెలిసిన ఒడీ ఉంటాయి. చిక్కల్లా ఎక్కడ ఆగాలో చెప్పే నియమం లేకపోవడమే. ఇలాంటి ఇంటికి లైసెన్సు ఇచ్చి, పిల్లల సంఖ్యకు హద్దు పెట్టే ప్రత్యేక చట్టం దేశమంతటికీ వర్తించేది ఏదీ లేదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ళకు ఇచ్చిన మార్గదర్శకాలు ఇరవైమంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు అని చెప్పినా, అవి మూడేళ్ళు నిండినవారిని రోజుకు మూడు నాలుగు గంటలు ఉంచుకునే చోట్లకు. నిష్పత్తి ఎక్కువగా అవసరమైన చంటిబిడ్డలు ఉండే ఇళ్ళు వాటి పరిధిలోకే రావు. క్రెష్ మార్గదర్శకాలు యాభైమంది ఉద్యోగులున్న సంస్థలకు. రెండు నియమావళుల మధ్య మిగిలిపోయిన సందు ఇంటి గుమ్మమంత వెడల్పు, పిల్లలందరూ దానిలోంచే లోపలికి పోతున్నారు.

ఇంటి డే కేర్‌ను చట్టం ఎలా చూడవచ్చునో తెలియడానికి తిరుపతి వాసులకు పరిచయమైన ఉదాహరణ ఒకటి కాలిఫోర్నియాలోనే దొరుకుతుంది. ఫ్రీమాంట్, సన్నీవేల్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పురిటి వేళ ఇక్కడి నుంచి అమ్మమ్మో, నాయనమ్మో వెళ్తుంది. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండడానికి వీల్లేదు గనుక, ఆమె తిరిగి వచ్చాక బిడ్డ ఇంటి డే కేర్‌కు చేరుతుంది. అక్కడ ఆ ఇల్లు నడిపే స్త్రీ రాష్ట్ర సాంఘిక సేవల శాఖ నుంచి లైసెన్సు తీసుకుని, ఇంట్లో ఉండే పెద్దలందరి వేలిముద్రలూ ఇచ్చి తనిఖీకి తలుపు తెరవాలి. ఒక్కతే నడిపితే రెండేళ్ళలోపు బిడ్డలు మాత్రమే ఉన్నప్పుడు నలుగురే. వయసులు కలిసి ఉంటే ఆరుగురు, వారిలో రెండేళ్ళలోపు వారు ముగ్గురికి మించరాదు. బడి ఈడు పిల్లలు ఇద్దరుంటే కొన్ని షరతులతో ఎనిమిది దాకా పెరగవచ్చు. పన్నెండు, పద్నాలుగు దాకా వెళ్ళాలంటే సహాయకురాలు ఉండి తీరాలి. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, నడిపే మనిషి సొంత పిల్లలు పదేళ్ళలోపు వారైతే వారూ ఈ లెక్కలోకే వస్తారు. సొంత బిడ్డకు జ్వరం వచ్చిన రోజున ఆ తల్లి కళ్ళు ఎవరి మీద ఉంటాయో తెలిసినవారు రాసిన నియమం ఇది.

ఇంగ్లండులో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. చైల్డ్‌మైండర్ అనబడే ఇంటి సంరక్షకురాలి దగ్గర ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఆరుగురు, ఆ ఆరుగురిలో అయిదేళ్ళలోపు వారు ముగ్గురు, ఆ ముగ్గురిలో ఏడాదిలోపు బిడ్డ ఒక్కటే. కొన్ని మినహాయింపులు ఉన్నా, సామాన్యమైన హద్దు ఇది. మిశ్రమ వయసుల గుంపును ఒకే అంకెతో కొలవకుండా, చిన్న వయసుకు ఎక్కువ బరువు ఇచ్చే పద్ధతి ఇదే. అమ్మలకు ఇది కొత్త విషయం కాదు. ఆరేళ్ళవాడు, మూడేళ్ళ పాప, చంటిబిడ్డ ఉన్న ఇంట్లో సగం పని ఆ చంటిబిడ్డదేనని ఏ తల్లి అయినా చెబుతుంది. చెప్పనిది మన మార్గదర్శకాలే.

అయితే కాలిఫోర్నియా నియమావళిని తిరుపతి మున్సిపల్ కార్పొరేషన్ యథాతథంగా తెచ్చి రుద్దితే మేలు కంటే కీడే ఎక్కువ. అగ్నిమాపక ధ్రువపత్రం, భవన అనుమతి, వాణిజ్య కరెంటు మీటరు, ఇన్ని చదరపు అడుగుల ఆటస్థలం అంటూ జాబితా పెంచితే, కొర్లగుంటలో నలుగురు బిడ్డలను చూసుకునే స్త్రీ వాటిలో ఏదీ తీర్చలేదు; ఆమె మానేయదు, తలుపు వేసుకుని నడుపుతుంది, అంతే. తలుపు వేసిన ఇంట్లో నలుగురు ఎప్పుడు తొమ్మిదిమంది అవుతారో ఎవరికీ తెలియదు. నియంత్రణలో మొదటి మెట్టు లైసెన్సు కాదు, నమోదు. వార్డు సచివాలయంలో పేరు, ఇంటి చిరునామా, పిల్లల సంఖ్య, వయసులు రాసిచ్చి, సొంత పిల్లలతో కలిపి ఒక మనిషికి అయిదుగురికి మించకుండా, అందులో ఏడాదిలోపు వారు ఒకరిద్దరికి మించకుండా హద్దు పెట్టుకుంటే, ఆ ఇంటిని నెలకొకసారి అంగన్‌వాడీ సూపర్‌వైజరో, ఆరోగ్య కార్యకర్తో పలకరించి రావడం కష్టమేమీ కాదు. టీకాలు, బరువు తూచడం ఎలాగూ వాళ్ళ పనే. పేరు నమోదైన ఇంటికి శిక్షణ, మందుల పెట్టె, పాలో గుడ్డో అందుతాయంటే నమోదుకు తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. పలమనేరు దాటగానే మొదలయ్యే కర్ణాటకలో 2023లో ప్రకటించిన ‘కూసిన మనె’ పథకం కింద నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో ఉపాధి కూలీల మూడేళ్ళలోపు పిల్లల కోసం శిశు గృహాలు తలపెట్టడం, ఇలాంటి పని పంచాయతీ స్థాయిలో సాధ్యమేనని చూపించే దగ్గరి ఉదాహరణ.

మిగిలేది డబ్బు ప్రశ్న. నిష్పత్తులన్నీ అక్కడికే వచ్చి ఆగుతాయి. పిల్లలను చూసుకునే స్త్రీకి అంగన్‌వాడీ కార్యకర్తకు 2023లో ఇచ్చిన 11,500 రూపాయలే ఇవ్వాలనుకున్నా, పదిమంది బిడ్డలుంటే ఒక్కో కుటుంబం వంతు 1,150 రూపాయలు; నలుగురే ఉంటే 2,875 రూపాయలు. అద్దె, పాలు, కరెంటు వేరు. రోజుకు 300 రూపాయల చొప్పున నెలలో 26 రోజులు పనిచేసే కూలి తల్లికి వచ్చేది 7,800 రూపాయలైతే, మంచి నిష్పత్తి ఖరీదు ఆమె సంపాదనలో మూడో వంతు దాటుతుంది. అందుకే ఆమె బిడ్డను పదిమంది ఉన్న చోటికే పంపుతుంది, లేదా అక్కకు అప్పగిస్తుంది. ఆ నిర్ణయాన్ని అజ్ఞానం అనడం తేలిక, లెక్క తప్పని చూపించడం కష్టం. జాతీయ క్రెష్ పథకంలో పేద కుటుంబం నుంచి నెలకు 20 రూపాయలే తీసుకునేవారు. 25 మంది పిల్లలకు కలిపి అది 500 రూపాయలు. అంగన్‌వాడీ ఆయాకు 2023లో ఇచ్చిన 7,000 రూపాయల్లో అది పద్నాలుగో వంతు. తక్కిన పదమూడు వంతులు ఎవరో ఒకరు కట్టవలసిందే. పాల్నా పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున భరిస్తాయి. యాభైమంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ కల్పించే బాధ్యత యజమానిది. మేస్త్రీ ఆటోలో మూడు నెలల పనికి వచ్చే స్త్రీకీ, నాలుగిళ్ళలో అంట్లు తోమి పొట్టపోసుకునే తల్లికీ ఆ యజమాని ఎవరన్నది ఈ చట్టాలలో వేటిలోనూ రాసి లేదు.